అందరూ మాట్లాడుతుంటే ఆమె విన్నది

'కన్యాశుల్కం' నాటకంలో గురజాడ మధురవాణికి మాట ఇచ్చాడు. 1955 సినిమాలో సావిత్రి ఆ మాటకి చూపు తోడిచ్చింది. డెబ్భై ఏళ్ల తర్వాత, సముద్రం అవతల, దార్సైట్‌లోని ఓ చిన్న హాల్లో ఆ చూపు ఏం చేసిందో ఈ కథనం.

దార్సైట్‌లో ఆదివారం సెలవు కాదు. ఒమన్‌లో వారం మొదలయ్యేదే ఆదివారంతో. శుక్ర, శనివారాలు ఇక్కడి సెలవులు. 2013 దాకా అవి గురు, శుక్రవారాలు. అందుకే ఊళ్లో జనం కాఫీతో పాటు చదివే ఆదివారం అనుబంధాన్ని మేము ఫోన్లో దాచుకుని, అయిదు రోజులు ఆగి, శుక్రవారం పొద్దున ఇడ్లీలతో చదువుతాం. ఆలస్యంగా చదవడం, ఆలస్యంగా చూడడం గల్ఫు తెలుగువాళ్లకి అలవాటే. వీడియో క్యాసెట్ల కాలంలో అయితే ఊళ్లో పాతబడ్డ సినిమా మాకు కొత్త సినిమా.

మస్కట్‌లో రువీకి ఆనుకుని, ముత్రాకి దగ్గరగా, బోడిగుట్టల సందుల్లో ఒదిగిన పేట దార్సైట్. కృష్ణ మందిరం ఇక్కడే, ఇండియన్ స్కూల్ ఇక్కడే, ఇండియన్ సోషల్ క్లబ్ ఇక్కడే. ఆ క్లబ్బులో మిగతా భాషల వాళ్లతో పాటు తెలుగువాళ్లకీ ఒక విభాగం ఉంది. మన భాష వినపడాలంటే ఎక్కువ దూరం నడవక్కర్లేదు. కాకపోతే వినపడే తెలుగు ఒక్కటి కాదు. మా మెట్ల మీదే నిజామాబాద్ తెలుగు, శ్రీకాకుళం తెలుగు, కడప తెలుగు, గోదావరి తెలుగు ఒకదాన్నొకటి పలకరించుకుంటూ ఎక్కుతుంటాయి, దిగుతుంటాయి.

ఆ మధ్య ఓ శుక్రవారం రాత్రి ఆ తెలుగులన్నీ మా హాల్లో చాప మీద కూర్చున్నాయి. లాప్‌టాప్‌కి టీవీ తగిలించి 'కన్యాశుల్కం' పెట్టాను. మొదటి పావుగంటలోనే భయం పట్టుకుంది. నూటముప్పై ఏళ్ల కిందటి విజయనగరం బ్రాహ్మణ ఇళ్ల మాట అది. నిజామాబాద్ అన్న పక్కకి వంగి, "అన్నా, ఏమంటున్నరో సగం సమజైతలేదు" అన్నాడు. సినిమా ఆపి వేరేది పెట్టనా అని అడిగాను. "వద్దు వద్దు. గామె మొకం జూస్తుంటే తెలుస్తనే ఉంది" అన్నాడు.

గామె అంటే సావిత్రి. సావిత్రి మధురవాణి మీద నేను చదివిన పొగడ్తలన్నిటిలోకీ ఈ ముక్క నాకు బాగా నచ్చింది. ఈ కథనమంతా దానికి వ్యాఖ్యానమే అనుకోండి.

పెళ్లిళ్ల లెక్క నుంచి పుట్టిన నాటకం

'కన్యాశుల్కం' మొదట ఆడింది 1892 ఆగస్టు 13న, విజయనగరంలో. ఆడినవాళ్లు జగన్నాథ విలాసినీ సభ వారు. పుస్తకంగా వచ్చింది 1897లో. అప్పటికి కొన్నేళ్ల ముందు విజయనగరం మహారాజా ఆనంద గజపతి ఒక లెక్క తీయించారు. విశాఖపట్నం జిల్లా బ్రాహ్మణ కుటుంబాల్లో డబ్బు పుచ్చుకుని చేసిన ఆడపిల్లల పెళ్లిళ్లు మూడేళ్లలో ఎన్ని? తేలిన సంఖ్య 1034. అంటే ఏడాదికి సగటున 344. ఆ పెళ్లికూతుళ్లలో అయిదేళ్లవాళ్లు 99 మంది, నాలుగేళ్లవాళ్లు 44, మూడేళ్లవాళ్లు 36, రెండేళ్లవాళ్లు ఆరుగురు, ఏడాది పిల్లలు ముగ్గురు. ఆ ఏడాది పిల్లల ధర తలకి 350 నుంచి 400 రూపాయలు. ఇదంతా గురజాడ తన మొదటి కూర్పుకి ఇంగ్లీషులో రాసుకున్న పీఠికలోనే ఉంది.

ఇంత ఘోరమైన లెక్క చేతిలో ఉన్న రచయిత ఏడుపు నాటకం రాయాలి. ఈయన నవ్వు నాటకం రాశాడు. తెలుగు భాష రంగస్థలానికి పనికిరాదన్న అపోహ పోగొట్టడం కూడా తన ఉద్దేశమని ఆ పీఠికలోనే చెప్పాడు. అందుకని పాత్రలన్నిటికీ మాటలు ఇచ్చాడు, దోసిళ్లతో కాదు, గంపలతో. గిరీశం మాట్లాడతాడు, రామప్పంతులు మాట్లాడతాడు, అగ్నిహోత్రావధాన్లు కేకలేస్తాడు, లుబ్ధావధాన్లు సణుగుతాడు. 1909లో వచ్చిన రెండో కూర్పు అయిదంకాల నాటకాన్ని ఏడంకాలకి పెంచింది. అందులో అన్నిటికన్నా ఎదిగిన పాత్ర మధురవాణి.

ఆమె వేశ్య. విజయనగరంలో గిరీశాన్ని వదిలించుకుని రామప్పంతులు వెంట రామచంద్రపురం అగ్రహారం చేరుతుంది. ముసలి లుబ్ధావధాన్లుకి సుబ్బి అనే చిన్నపిల్లని అమ్మే బేరం ఆమె కళ్ల ముందే సాగుతుంది. పిల్ల మేనమామ కరటక శాస్త్రి ఆ పెళ్లి తప్పించడానికి తన శిష్యుడికి ఆడవేషం వేసుకొస్తే, ఆ పన్నాగానికి వెన్నెముకగా నిలిచేది మధురవాణే. శాస్త్రం తెలిసినవాళ్లు, ఇంగ్లీషు చదివినవాళ్లు, కోర్టు నడవలు తెలిసినవాళ్లు అంతమంది ఉండగా పిల్లని కాపాడే పని ఊరు వెలివేసిన మనిషి చేతికొచ్చింది. నాటకం మొత్తంలో గురజాడ వేసిన పెద్ద చమత్కారం ఇదే.

మీసం తీసిన మధురవాణి, మీసం అక్కర్లేని మధురవాణి

ఇంత గొప్ప ఆడపాత్రని చాలాకాలం మగవాళ్లే ఆడారు. తెలుగు రంగస్థలం మీద స్త్రీ పాత్ర అనగానే స్థానం నరసింహారావు పేరు ముందొచ్చేది. సత్యభామ, చింతామణి, రోషనార, మధురవాణి, అన్నీ ఆయనే. చూసినవాళ్లు ఇళ్లకెళ్లి ఆయన చీర కట్టు గురించి చెప్పుకునేవారు. 1956లో పద్మశ్రీ కూడా అందుకున్నారు.

ఇక్కడొక తమాషా ఉంది. నాటకం చివర మధురవాణి మగవేషం వేసుకుని వకీలు సౌజన్యారావు పంతులు ఇంటికి వెళ్తుంది. వేశ్యలని గడప తొక్కనివ్వని పెద్దమనిషి ఆయన, అందుకు. అంటే స్థానం వారు మగవాడిగా బయల్దేరి, ఆడదై, ఆ ఆడదానిగానే మళ్లీ మగవాడవ్వాలి. వేషం మీద వేషం, దాని మీద వేషం. పెళ్లికూతురి చీరలో ఉన్న శిష్యుడు సరేసరి. ప్రతివాడూ మరొకడిలా నటించే ఈ నాటకంలో వేషాలన్నీ కనిపెట్టగలిగేది మధురవాణి ఒక్కతే. తన వృత్తే వేషం కదా.

1955 ఆగస్టు 26న విడుదలైన సినిమాలో ఆ పొరల్లో ఒకటి తొలగింది. మధురవాణిగా ఒక ఆడమనిషి వచ్చింది. గొంతు సన్నం చేసుకోవడానికి, నడక దిద్దుకోవడానికి పెట్టాల్సిన శ్రమంతా మిగిలిపోయింది. మిగిలిన ఆ శ్రమని సావిత్రి ఎక్కడ ఖర్చు పెట్టిందో చూడడమే ఈ సినిమా చూడడం.

బెజవాడ స్టేజీ పిల్ల

నిర్మాత డి.ఎల్. నారాయణ. రెండేళ్ల ముందు 'దేవదాసు' తీసిన వినోదా వారి సినిమానే ఇదీ. 'దేవదాసు'లో పార్వతి అయిన సావిత్రి ఇందులో మధురవాణి అయింది. దర్శకుడు పి. పుల్లయ్య, సంగీతం ఘంటసాల. గిరీశంగా ఎన్.టి. రామారావు, బుచ్చమ్మగా షావుకారు జానకి, రామప్పంతులుగా సి.ఎస్.ఆర్. ఆంజనేయులు, లుబ్ధావధాన్లుగా గోవిందరాజుల సుబ్బారావు, అగ్నిహోత్రావధాన్లుగా విన్నకోట రామన్న పంతులు, సౌజన్యారావుగా గుమ్మడి.

ఈ జాబితాలో సి.ఎస్.ఆర్., గోవిందరాజుల, విన్నకోట నాటకాల్లో కాకలు తీరినవాళ్లు. చివరి వరసలో కూర్చున్నవాడికి కూడా మాట చేరాలన్నది వాళ్ల ఒంట్లో ఇంకిన పాఠం. వాళ్ల మధ్యలో, ఇరవై ఏళ్లకి అటో ఇటో ఉన్న సావిత్రి.

అయితే ఆమె కూడా స్టేజీ పిల్లే. గుంటూరు జిల్లా చిర్రావూరులో పుట్టి, తండ్రి పోయాక బెజవాడలో పెద్దమ్మ ఇంట పెరిగింది. చిన్నతనంలోనే నాట్యం నేర్చింది. కొంగర జగ్గయ్య నాటక సమాజంలో వేషాలు కట్టింది. సినిమా కోసం మద్రాసు వెళ్లేటప్పటికే ముఖానికి రంగు, ఎదుట జనం, చప్పట్ల ఆలస్యం, ఇవన్నీ ఎరుగున్న పిల్ల. మద్రాసులో మొదట్లో చేతికందిన వేషం జారిపోవడం, 1951లో 'పాతాళభైరవి'లో ఒక్క నాట్యానికి కనిపించి మాయమవడం, 'పెళ్లిచేసి చూడు'లో రెండో నాయికగా నిలబడడం, ఆ పైన పార్వతి. ఇదంతా నాలుగైదేళ్ల ప్రయాణం.

1955 ఆమెకి మామూలు సంవత్సరం కాదు. జనవరిలో 'మిస్సమ్మ' వచ్చింది. ముక్కు మీద కోపంతో, ముఖం మీదే మాట అనేసే పంతులమ్మ. ఆగస్టులో మధురవాణి. మనసులో మాట ముఖం మీదకి రానివ్వడం పంతులమ్మ స్వభావం, రానివ్వకపోవడం మధురవాణి బతుకుతెరువు. ఎనిమిది నెలల లోపే తెలుగు ప్రేక్షకుడు ఈ రెండు ముఖాలూ ఒకే మనిషివని నమ్మాడు.

వినడం అనే విద్య

అసలు సంగతికి వద్దాం. నాటకంలో మధురవాణి బలం మాట. చురక, సామెత, శ్లేష, ఎదుటివాడి మాటనే వాడికి తిప్పి వడ్డించడం. స్టేజీ మీద మధురవాణి కట్టినవారికి ఆ మాటలే ఆయుధం. ఇరవై గజాల దూరంలో ఉన్న ప్రేక్షకుడికి కనురెప్ప కదిలితే ఏం తెలుస్తుంది?

సినిమా ఆ ఇరవై గజాలని రెండడుగులు చేసింది. దగ్గరికొచ్చిన కెమెరాకి ఏం ఇవ్వాలో ఆ స్టేజీ పెద్దలందరికన్నా సావిత్రికి బాగా తెలిసింది. ఆమె విన్నది, అంతే.

రామప్పంతులు తన గొప్పలు తాను చెప్పుకుంటుంటే ఆమెని చూడండి. సి.ఎస్.ఆర్. మాటని నములుతూ, సాగదీస్తూ, చివర ఓ మెలిక వేస్తూ వినిపిస్తాడు. అద్భుతమైన వరస అది, మన కళ్లు ఆయన మీదే ఉండాలి. ఉండవు. పక్కనున్న మనిషి వింటున్న తీరు మీదకి జారిపోతాయి. పంతులు మాట సగంలో ఉండగానే ఆమె కళ్లకి దాని చివర తెలిసిపోతుంది, పెదవికి మాత్రం తెలియనివ్వదు. మాట పూర్తయ్యాక పెదవి ఆశ్చర్యం నటిస్తుంది. ఆ కంటికీ ఆ పెదవికీ మధ్యనున్న జానెడు జాగాలో మధురవాణి కాపురం ఉంటుంది. పంతులుకి పెదవి కనపడుతుంది, మనకి కన్ను కనపడుతుంది.

గిరీశంతో అయితే లెక్క వేరు. రామారావు గిరీశం మాటల జలపాతం. ఇంగ్లీషు ముక్కలు, ఉపన్యాసాలు, ప్రగల్భాలు. కెమెరాకి అతని మీద కాస్త మక్కువ ఎక్కువేనేమో అనిపిస్తుంది. గురజాడ రాసిన దగుల్బాజీ ఇక్కడ ముద్దొస్తాడు. ఆ ముద్దుకి పగ్గం వేసేది సావిత్రి ఎదురుగా ఉన్నప్పుడే. పిల్లాడి అబద్ధం విని నవ్వాపుకునే తల్లిలా, ఖాతా తేల్చే వ్యాపారిలా, ఒకప్పుడు మోజుపడ్డ మనిషిలా ఒకే చూపుతో అతన్ని కొలుస్తుంది. అతను ఎంత పోగేసి మాట్లాడినా ఆ కొలత ముందు తేలిపోతాడు.

ఇది కేవలం చిలిపితనం అనుకుంటే పొరపాటు. మధురవాణి ముందు మగవాళ్లు ఏమైనా మాట్లాడేస్తారు. ఆమె ఇంట్లో సామానులాంటిది కదా, మంచం లాంటిది, తివాచీ లాంటిది. పిల్ల ధర, పెళ్లి ముహూర్తం, దొంగ సాక్ష్యం, అన్నీ ఆమె వినేలాగే మాట్లాడతారు. సామాను వింటుందని ఎవడు అనుకుంటాడు? ఆమె బలమంతా అక్కడే పుట్టింది. గురజాడ రాసిన ఈ సంగతిని సావిత్రి ముఖంతో మళ్లీ రాసింది.

రెండేళ్ల తర్వాత, 1957లో 'మాయాబజార్' వచ్చింది. ఘటోత్కచుడు మాయా శశిరేఖగా మారిన ఘట్టంలో ఆమె ఎస్.వి. రంగారావుని తనలోకి ఎలా దింపుకుందో తెలుగుదేశమంతా ఇప్పటికీ చెప్పుకుంటుంది. ఒక మనిషి లోపల మరో మనిషిని నిలబెట్టే ఆ విద్యకి పాఠశాల మధురవాణి పాత్రేనని నా అనుమానం. అక్కడ వేషం బయటికి కనపడుతుంది కాబట్టి చప్పట్లు కొట్టాం. ఇక్కడ కనపడదు.

కంటె, గీత, ఒక నిశ్శబ్దం

సినిమా నాటకానికి చాలా కోత పెట్టింది, కొంత చేర్చింది. అది తప్పదు. 'కన్యాశుల్కం' ఉన్నదున్నట్టు ఆడితే తెల్లారిపోతుంది. గిరీశం పాత్రతో, దర్శకత్వంతో ఈ నాటకాన్ని ఊరూరా తిప్పిన జె.వి. రమణమూర్తి కూడా మూడు గంటలకి కుదించుకునే ఆడించారు. ఆయన అన్నగారు, తర్వాతి కాలంలో 'శంకరాభరణం' శంకరశాస్త్రి అయిన జె.వి. సోమయాజులు, అందులో రామప్పంతులు. సినిమా చేర్చిన వాటిలో గురజాడ వారిదే పూర్ణమ్మ కథ ఉంది. నాటకంలో లేని శ్రీశ్రీ కవిత కూడా ఒకటి సుశీల గొంతులో పాటై వినపడుతుంది. గురజాడ నాటకంలోకి శ్రీశ్రీ రావడం కొందరికి అతుకులా అనిపించవచ్చు. నాకు మాత్రం మనవడు తాత ఇంటికి వచ్చినట్టుంటుంది.

కథని నడిపే వస్తువు ఒకటుంది, కంటె. మధురవాణి మెడలోని నగ. మారువేషపు పెళ్లికూతురి అలంకారానికని రామప్పంతులు దాన్ని అడిగి తీసుకెళ్తాడు. పెళ్లికూతురు మాయమవుతుంది, కంటె కూడా మాయమవుతుంది. ఆ పైన మధురవాణి పెట్టే గోల నవ్విస్తుంది. నిజానికి పెళ్లికూతురు ఎటు వెళ్లిందో, ఎందుకు వెళ్లిందో ఆమెకి ముందే తెలుసు. అంటే ఏడుస్తున్నట్టు నటిస్తున్న మనిషిగా నటించాలి. ఏడుపు మరీ సహజంగా వస్తే మనం మోసపోతాం, మరీ దొంగగా వస్తే పంతులు మోసపోడు. ఆ సన్నని గట్టు మీద నడవడం సావిత్రికి నల్లేరు మీద బండి.

చివరికి సౌజన్యారావు. నాటకంలో ఆయన ఒక్కడే మంచివాడు, మంచితనం ఒక్కటే ఆయన లోపం. వేశ్య అంటే మనిషని తోచనంత మంచితనం. మధురవాణి ఆయన దగ్గర గెలవగలిగీ గెలవదు. చెడనివాళ్లని చెడగొట్టకూడదని తల్లి చెప్పిన మాట గుర్తుచేసుకుని ఆగిపోతుంది. ఆయన చేతి నుంచి భగవద్గీత పుచ్చుకుంటుంది. ఎవరు ఎవరికి నీతి నేర్పారో ప్రేక్షకుడు తేల్చుకోవాలి.

అంతసేపూ మగవాళ్లని పైనుంచి కిందికి కొలిచిన కళ్లు గుమ్మడి ఎదుట మొదటిసారి కొలవడం మానేస్తాయి. మధురవాణి మారిపోయిందని సావిత్రి ఎక్కడా చెప్పదు. ఇన్నాళ్లూ వేషం ఎందుకు వేయాల్సి వచ్చిందో మాత్రం తెలుస్తుంది, ఎదుట వేషం అక్కర్లేని మనిషి నిలబడ్డాడు గనక.

సావిత్రి గురించి రాసేవాళ్లు చాలామంది ఇక్కడి నుంచి మద్రాసు ఆసుపత్రి మంచం దగ్గరికి వెళ్తారు. ఆ కథ 2018లో 'మహానటి' వచ్చాక పిల్లలకి కూడా తెలుసు. నేను వెళ్లను. బతుకులోని కన్నీళ్లతో నటనని వెలిగించి చూపడం ఆమె పనితనాన్ని తక్కువ చేయడమే. మధురవాణిని చేసినప్పుడు ఆమె ఆరోగ్యంగా ఉంది, ఉత్సాహంగా ఉంది, చేస్తున్న పని తెలిసి చేసింది. పొగడాల్సింది దాన్ని.

చాప మీద ఆఖరి వరస

ఆ రాత్రి మా హాల్లో నవ్వులు ఒక్కసారి పడలేదు. శ్రీకాకుళం కుర్రాడు కొన్ని మాటలకి అందరికన్నా ముందు నవ్వాడు, అతనికి ఆ పలుకుబడి తాతగారి నోట విన్నది. గోదావరి నర్సమ్మ సినిమాలోని పూటకూళ్లమ్మ చీపురుకి నవ్వింది. నిజామాబాద్ అన్న అందరూ నవ్వాక, ఎందుకో కనుక్కుని, మళ్లీ విడిగా నవ్వాడు. కానీ సావిత్రి ముఖం దగ్గరగా వచ్చిన ప్రతిసారీ అందరూ ఒకేసారి నిశ్శబ్దమయ్యారు. నాలుగు జిల్లాల తెలుగుకి ఆ ముఖం ఉమ్మడి లిపి.

ఆఖరి వరసలో, తలుపు పక్కన కడప వైపు నుంచి వచ్చిన ఒకావిడ కూర్చుంది. ఏళ్ల తరబడి ఇక్కడ ఇళ్లలో పనిచేస్తున్న మనిషి. సినిమా అంతా అయ్యేదాకా నవ్వలేదు, మాట్లాడలేదు. నచ్చలేదేమో అనుకున్నాను. అందరూ లేచాక గ్లాసులు తీస్తూ ఆమే అంది: "సార్, నన్ను పంపించేటప్పుడు మా ఇంట్లో ఏజెంటు, మా చిన్నాయన కూచోని లెక్కలు మాట్లాడుకున్యారు. నేను వాకిట్లో బియ్యం ఏరుకుంటా ఉన్యా. నాకినపడదనుకున్యారు." కాసేపాగి టీవీ వైపు చూసింది. "ఆ యమ్మ ఇంటా ఉన్నెట్లే నేనూ ఇన్యా."

గురజాడ లెక్క 1034 దగ్గర ఆగింది. ఆ పిల్లల్లో ఏడాదివాళ్లకి వినే వయసు లేదు, అయిదేళ్లవాళ్లకి ఉంది. వాకిట్లో ఆడుకుంటూ ఎంతమంది తమ ధర తాము విని ఉంటారో ఏ పీఠికలోనూ ఉండదు. ఆ వినడాన్ని మన నాటకం ఒక వేశ్య పాత్రకి అప్పగించింది. మన సినిమాలో సావిత్రి దాన్ని ముఖం మీదకి తెచ్చింది.

శనివారం గడిచింది. ఆదివారం తెల్లవారింది, దార్సైట్‌లో పనిదినం. లిఫ్టులో ఆ కడప ఆవిడ కనిపించింది, భుజాన సంచి, చేతిలో ఫోను. ఫోన్లో అటువైపు ఎవరో గట్టిగా ఏవో లెక్కలు చెబుతున్నారు. ఆమె 'ఊఁ' కొడుతోంది. పెదవి ఒప్పుకుంటోంది. కన్ను ఒప్పుకోవడం లేదు.